శనివారం కలిపిన వైన్

ఆస్ట్రేలియాలో, ద్రాక్షతోటల బరోసా నుంచి అడిలైడ్ వచ్చే బస్సులో, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని పక్క సీటావిడ పలకరించింది. నా సంచిలోని రెడ్ వైన్ సీసా చూసి, "అది మా వైనరీదే. గ్రెనాష్, షిరాజ్, మటారో, ఈ మూడు ద్రాక్షల వైన్లూ బ్లెండ్ చేసేది నేనే" అంది. రుచి చూసి ఉమ్మేస్తుందట, గుటక వేయదట.

"శనివారం నాకు ఒక్కపొద్దండి. ఆ రోజు వర్క్ ఉంటే నోట్లో కూడా పోసుకోను. నైవేద్యానికి ఉప్పు చూడం కదా, అలాగే వాసనతోనే కలిపేస్తా. మా బాస్‌కి ఆ శనివారం బ్లెండ్లే ఎక్కువ నచ్చుతున్నాయి. ఆయనకి చెప్పెయ్యాలంటారా?"

ఇంతలో ఆవిడ స్టాప్ వచ్చింది.

మా ఆఫీసు మేనేజర్‌కి ఇద్దామని కొన్న సీసా అది. లేబుల్ మీద మూడు ద్రాక్షల పేర్లూ ఉన్నాయి గానీ, ఏ రోజు కలిపారో లేదు. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దేవుడి అలమరకి దగ్గరగా పెట్టాలో దూరంగా పెట్టాలో తెలియక మూడుసార్లు చోటు మార్చాను.