పోయొస్తా అనని పెట్టె

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేసిన సంగతి మా సారుకు పది రోజుల దాకా తెలియలేదు. వెనక బెంచీలో ఉన్నా లేకపోయినా ఒకటే రకం మనిషిని కాబట్టి హాజరు పడుతూనే ఉంది. అప్పుడు నవ్వుకున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత నేనూ అలాంటి సారునే అయ్యాను.

గద్వాలలో ఒక నెట్ సెంటర్‌లో దరఖాస్తులు నింపుతూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఇప్పుడు వనపర్తిలో ఒక చిన్న కంపెనీకి సర్వర్ చూస్తాను. చేలల్లో బోరు మోటార్లకు మా స్టార్టర్ పెట్టెలుంటాయి, ఒక్కోదాంట్లో ఒక సిమ్ము. పెట్టె మా సర్వర్‌కు లైను కలిపి పట్టుకుని ఉంటుంది. ఆ లైనునే సాకెట్ అంటాం. రైతు ఎక్కడున్నా ఫోనులో మీట నొక్కితే ఆ లైను మీదుగా కబురు వెళ్లి మోటారు నడుస్తుంది.

ఒక యాసంగి పంటప్పుడు మా బావ చేనులోనే పడిపోయాడు. పక్షవాతం. మాట పోయింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్చి, నేను మర్నాడే పనికి వెళ్లిపోయాను. తిన్నాను, పడుకున్నాను. ఏమీ అనిపించలేదు. అక్క మంచం పక్కనే ఉండిపోయింది.

కోడేరు దగ్గర వాళ్ల పల్లి చేను అప్పుడు ఊడలు దిగే దశలో ఉంది. తడి తప్పితే ఇక కాయ ఊరదు. ఆ ఏటికి వాళ్లకున్నది అదొక్కటే. అక్క రోజూ పొద్దున దవాఖాన నుంచే మీట నొక్కేది. పెట్టె లైనులో ఉందని చెప్పే పచ్చ చుక్క ఫోనులో వెలుగుతూనే ఉండేది.

ఆరో రోజు అక్క ఫోను చేసింది.

"పక్క చేనాయన చెప్పిండు. మన చేను నెర్రెలిచ్చిందట. నీళ్లే పారలేదట."

"సర్వర్‌ల పచ్చగనే ఉంది అక్కా."

"సర్వర్‌ల పచ్చగుంటే పల్లీలు కాస్తయారా?"

సర్వర్ దాచుకున్న చిట్టా తెరిచాను. అక్క పెట్టె నుంచి చివరి మాట వచ్చింది ఆరు రోజుల కింద, పొద్దున ఎనిమిదింటికి. బావ పడిపోయిన పొద్దున. రెండుసార్లు చదివి కిందికి జరిపాను.

అక్క పంపిన కబుర్లన్నీ జవాబు లేక వెనక్కొచ్చాయి. అలా వెనక్కొస్తే పట్టించుకోవద్దని రాసింది నేనే. పెట్టె పలకరిస్తే పచ్చ చుక్క పెట్టమని, "పోయొస్త" అంటేనే తీసేయమని రాశాను. మా వైపు ఎవరూ పోయొస్త అనకుండా గడప దాటరు. పెట్టెలూ అంతే అనుకున్నాను. చెప్పకుండా పోయేవి కూడా ఉంటాయని తోచలేదు.

సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపాను. మిగతా పెట్టెలన్నీ ఒక్కొక్కటే వచ్చి పలకరించాయి. అక్కది రాలేదు. చివరికి ఆ పెట్టెలోని సిమ్ము నంబరుకే ఫోను కొట్టాను. రింగయింది. ఎత్తింది అక్క.

"ఏందిరా, మీ బావ ఫోన్‌కు చేస్తున్నవ్?"

చేనులో తన సిమ్ముకు సిగ్నల్ అందక, బావ ఆ పొద్దున పెట్టెలోది తీసి ఫోనులో వేసుకున్నట్టున్నాడు. మళ్లీ పెట్టేలోపే పడిపోయాడు. ఆరు రోజులూ ఆ సిమ్ము అక్క పక్కనే, బావ దిండు కింద ఉంది.

బైకు మీద దవాఖానకు పోయాను. సిమ్మూ పెట్టె తాళం చెవీ వార్డు తలుపు దగ్గరే అందుకున్నాను. అక్క లోపలికి రమ్మంది. టైం లేదన్నాను. కోడేరు చేరి సిమ్ము వేస్తే మోటారు నడిచింది. గట్టు మీద కూర్చుని పారే నీళ్లను చూశాను. బావ పడింది ఇక్కడేనేమో అనుకున్నాను. అంతకు మించి లోపల ఏదీ కదల్లేదు. పల్లంలో ఉన్న సగం చేను తేరుకుంది. మెరక సగం తేరుకోలేదు.

తర్వాత ప్రోగ్రాము మార్చాను. ఇప్పుడు సర్వరే రెండు నిమిషాలకోసారి ప్రతి పెట్టెనూ "ఉన్నవా" అని అడుగుతుంది. మూడుసార్లు పలక్కపోతే చుక్క ఎర్రబడుతుంది. అక్కకు ఫోను చేసి గొప్పగా చెప్పాను.

"మా సారుకన్న నా సర్వర్ నయం అక్కా. రెండు నిమిషాలకోపారి హాజరు తీస్తది."



"మంచిదే. మీ బావకు నోరు పోయింది గని, చెయ్యి పట్టుకుంటె వత్తుతడు. సిమ్ము తీస్కపోనీకె తలుపు దాంక వచ్చినవు. ఆయనను ఒక్కపారన్న ఉన్నవా అని అడిగినవారా?"