పబ్లిష్ కాని జాలీ

రాంప్రసాద్ వరంగల్‌లోని ఓ ఫ్యాక్టరీలో యంత్రాలకు కంప్యూటర్‌లో మోడళ్లు గీస్తాడు. అతను పబ్లిష్ చేస్తేనే అవి కింద యంత్రాలు బిగించేవాళ్ల తెరమీద కనిపిస్తాయి. తెరమీద ఉన్నదే బిగించాలని అక్కడి రూలు.

ఆపరేటర్ ఎల్లస్వామి అడిగితే, రేకులను అదిమే ప్రెస్సులోకి చేతులు పోకుండా అడ్డంగా ఇనుప జాలీ గీశాడు. బిడ్డకు జ్వరమని ఫోన్ రాగానే పబ్లిష్ చేయకుండా బడికి పరుగెత్తాడు. జాలీ లేకుండా బిగించిన ప్రెస్సు ఎల్లస్వామి వేళ్లను నలిపేసింది.

ఎల్లస్వామిని దవాఖానలో చేర్చి వచ్చిన తమ్ముడు సాయికిరణ్, గేటు దగ్గరే రాంప్రసాద్ చొక్కా గల్లా పట్టి మొహాన్ని గోడకేసి కొట్టాడు.

“జాలీ ఏడున్నది సారూ, నీ తలకాయలనా?”

రాంప్రసాద్ నోట్లోంచి నెత్తురు కారింది. “గీసిన తమ్మీ, పంపుడు మర్చిన. ఇంకో ప్రెస్సు గూడ గట్లనే బిగిస్తాండ్రు. జర పైకి పోనీ.”

సాయికిరణ్ గల్లా వదలకుండా అతన్ని మెట్లమీద ఈడ్చుకెళ్లాడు. పబ్లిష్ అయిందని తెర చూపేదాకా మెడ నొక్కిపట్టే ఉన్నాడు.