డ్రమ్ములో కలిసిన ఓట్లు

మా మండలం జడ్పీటీసీ స్థానాన్ని మహిళలకు కేటాయించినప్పుడు, పక్కచేను అన్న తన భార్యను నిలబెట్టాడు. ఆమెను నేను వదినా అని పిలుస్తాను. నన్ను కౌంటింగ్ ఏజెంటుగా పంపారు. నేను చదివింది ఏడో తరగతే అయినా, ఊళ్లో పొలం కొలతలూ కూలి లెక్కలూ నా దగ్గరికే వస్తాయి. పైగా నా టమోటా తోటకు నీళ్లు ఆయన బోరు నుంచే పారాలి. చుట్టుపక్కల ఇంకొన్ని చేన్లకూ అంతే.

పొద్దున బయల్దేరేటప్పుడే అన్న చెప్పాడు.

“గెలిచేది ఓడేది తర్వాతప్పా. మనూర్లో మనకెన్ని పడినాయో తేల్చుకోని రా. తక్కువ పడింటే సూడు, ఒగ సుక్క నీళ్లు వదల్ను.”

చిత్తూరులో లెక్కింపు హాలుకు వెళ్లాక, అది తేలే పని కాదని అర్థమైంది. పెట్టెలు విప్పి, ఓటు కాగితాలను బోర్లించి, ఇరవై ఐదు చొప్పున కట్టలు కట్టారు. అన్ని ఊళ్ల కట్టలనూ డ్రమ్ములో వేసి కలిపాకే లెక్క మొదలుపెట్టారు. ఏ కట్ట ఏ ఊరిదో చెప్పడం ఎవరి వల్లా కాదు. సాయంత్రానికి వదిన ఓడిపోయింది.

అన్న ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“ఇంత లెక్కలోడివి, అంచనాకన్నా చెప్పలేవా?” అన్నాడు అన్న.

“కలిపేసినాక అంచనా కూడా అబద్ధమే అన్నా.”

“అయితే అందురికీ ఆపేస్తా. నీకూ అంతే.”

నా తోట పూత మీద ఉంది. రెండు తడులు తప్పితే పూతంతా రాలుతుంది. లోపలి నుంచి వదిన వచ్చింది.

“నిలబడింది నేను, ఓడింది నేను. మధ్యలో నీకేమొచ్చె? నాకు ఏసినోళ్లు కూడా ఆ నీళ్లే కదా పారించుకునేది. వాళ్లను యాడని ఏరతావు?”

అన్న కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు నీళ్ల వంతు నాది. పార తీసుకుని వెళ్తే, అన్న వాల్వు పక్కనే కూర్చుని ఉన్నాడు.

“నువ్వు ఏసినావా?”

“ఏసినానన్నా.”

“ఎట్ల నమ్మేది? తేలదని నువ్వే చెప్తివి కదా.”

నిజమే. నా ఓటూ ఆ డ్రమ్ములోనే కలిసింది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన లేచి వాల్వు తిప్పాడు.

“పోప్పా, పోయి నీళ్లు మళ్లించుకో. పూత రాలిపోతాది.”