ఊదితే సున్నా

2013 వేసవిలో నన్ను శ్రీకాకుళం వైపు ఒక బస్సు డిపోకి ట్రాఫిక్ విభాగం అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. ఏ బస్సు ఎవరు నడపాలి, ఏ కండక్టరు ఎక్కాలి అన్న డ్యూటీ చార్టు నా చేతిలో ఉండేది. బండి ఎక్కే ముందు ప్రతి డ్రైవరూ ఒక చిన్న మిషన్‌లో గాలి ఊదాలి. సున్నా వస్తే మందు తాగలేదని లెక్క, బండి అప్పగించేస్తాం. అంతకుమించి మనిషి లోపల ఏముందో చూసే పద్ధతి మా దగ్గర లేదు. ఆ లోటు నా అనుభవం తీరుస్తుందని నా నమ్మకం. ముఖం చూసి మనిషిని చెప్పేస్తానని డిపో అంతా నేనే టముకు వేసుకునేవాణ్ణి.

కళింగపట్నం సర్వీసుకి డ్రైవరు సూరిబాబు, కండక్టరు గౌరి. ఇద్దరికీ పెళ్లి కాలేదు, ఒకరంటే ఒకరికి ఇష్టమని అందరికీ తెలుసు. రూలు ప్రకారం కండక్టరు తాడు లాగి ఒక గంట కొడితే బస్సు ఆగాలి, రెండు కొడితే కదలాలి. మా వైపు చాలామంది ఆ తాడు ముట్టుకోరు. ఆపాలంటే హోల్డాన్ అనీ, కదలాలంటే రైట్ అనీ గొంతు చించుకుంటారు. గౌరి మాత్రం గంటే కొట్టేది. ఆ గంట వినపడందే సూరిబాబు కాలు కూడా కదపడని తోటివాళ్లు ఆట పట్టించేవారు.

వానలు మొదలయ్యేసరికి వ్యవహారం చెడింది. పెళ్లి మాట ఇంట్లో చెప్పమంటే సూరిబాబు రేపూ మాపూ అంటూ సాగదీశాడట. గౌరికి విసుగొచ్చి ఇక వద్దనేసింది. అనేసి, నా గదికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చి, ఆ బండి మీద తనను వేయొద్దని అడిగింది. నేను హడలిపోయాను. ఆడపిల్ల, ఏ అఘాయిత్యం చేసుకుంటుందో! ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చునే పని వేసి, తోటి ఆడ కండక్టర్లను పిలిచి, ఆ పిల్లను ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పాను.

సూరిబాబు నవ్వుతూ వచ్చాడు. ఎలా ఉన్నావోయ్ అంటే, "నాకేటవుతాది సార్? మగోణ్ణి. ఆ పిల్లనే కాస్త సూసుకోండి," అన్నాడు. మిషన్‌లో ఊదాడు. సున్నా. మగాడంటే ఇలా ఉండాలని భుజం తట్టి, అదే బండి మీద పంపాను. గౌరి బదులు సింహాచలం అనే పాత కండక్టర్ని ఎక్కించాను. నా ముందుచూపుకి నేనే మురిసిపోయి ఆ పూట రెండో టీ తెప్పించుకున్నాను.

కొద్ది రోజులకే కళింగపట్నం నుంచి ఫోను. బస్సు స్టాండు దాటిపోయి సముద్రం ఒడ్డున ఇసుకలో దిగబడిందట. జీపులో పరిగెత్తాను. దారంతా ఒకటే ఆలోచన. బండి నిండా జనం, పంపినవాణ్ణి నేను. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. హోల్డాన్ హోల్డాన్ అని అరిచి అరిచి సింహాచలానికి గొంతు పోయింది, సైగలతో చెబుతున్నాడు. వలలు లాగే తాళ్లు తెచ్చి బస్సుకి కడుతున్న మత్స్యకారులు, సేపల ఏటకి బస్సుని కూడా తోలుకొచ్చీసినారేటి బాబూ అని నన్ను అడిగారు.

సూరిబాబు ఇంకా స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. తాగి చచ్చావా అంటూ మిషన్ నోటి దగ్గర పెట్టాను. మళ్లీ సున్నా.

"గంట కొట్నేదు సార్," అన్నాడు మెల్లగా. "కొడతాదేమోనని సూస్తన్నాను."

అని భోరుమన్నాడు. తాళ్లు కడుతున్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. నేను మిషన్ తుడుచుకుంటూ నిలబడ్డాను.

డిపోకి వచ్చేసరికి గౌరి మరమరాలు తింటూ ఎవరికో పలాస బస్సు టైము చెబుతోంది. సంగతి విని చెయ్యి ఆగిపోయింది. నువ్వు బాగానే ఉన్నావే అన్నాను, అదేదో నేరమైనట్టు.

"నేను ఏడ్సీసినాను సార్. రెస్టు రూములో ఆడోల్లందరూ నాతో ఏడ్సినారు, ఆణ్ణి తిట్టినారు, నాకు అన్నం పెట్టినారు. మగోల్ల రూములో పేకాట తప్ప ఏటుంది? ఆడు అలా నవ్వుతున్నాడంటే బాగోనేదని నన్నడిగితే సెప్పుదును కదా."

అడగలేదు. ఆ పిల్లను ఏ దుఃఖం నుంచి కాపాడుతున్నాననుకున్నానో, అందులోంచి ఆ పిల్ల ఎప్పుడో బయటపడింది. సూరిబాబును స్టీరింగు నుంచి తప్పించి గ్యారేజీలో వేశారు. డ్యూటీకి తగునని పంపింది నేనేనని రిపోర్టులో రాస్తే అతని ఉద్యోగం నిలబడింది, నాకు మెమో వచ్చింది. వాళ్లిద్దరూ మళ్లీ కలవలేదు. గౌరి వేరే సంబంధం చేసుకుంది. సూరిబాబు తిరిగి బండి ఎక్కడానికి ఏడాది పట్టింది.

ఆ తర్వాత నేను ఏడుస్తూ వచ్చినవాళ్లకి సెలవిచ్చాను, నవ్వుతూ వచ్చినవాళ్లని కూర్చోబెట్టి టీ ఇప్పించాను. నేర్చుకున్నది ఇంతే. అదైనా పరాయివాళ్ల వరకే పనికొచ్చింది.

2018లో రిటైరైన రోజు, మెడలో దండలు తీసి బల్ల మీద పెట్టి, స్కూటరు తాళం కోసం వెతుకుతున్నాను. అప్పటికి కంట్రోలరైన గౌరి దాన్ని గుప్పిట్లో పట్టుకుని, ఎలా ఉంది సార్ అని అడిగింది. నాకేటవుతాదమ్మా, హాయిగా ఉంటానని పెద్దగా నవ్వాను. ఆమె నవ్వలేదు.

"కూకోండి సార్. ఆటో పిలుస్తాను."

కూర్చున్నాను. స్కూటరు మర్నాడు వచ్చి తీసుకెళ్లాను. ఆ సాయంత్రం నేను ఊదినా సున్నాయే వచ్చేది.