తథాస్తు దేవతలకు రాని భాష

ఆ రోజుల్లో జగ్గయ్యపేటలో మా ఇంట్లో సందెవేళ చెడుమాట అనడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. ఆ వేళ తథాస్తు దేవతలు ఇంటి మీదుగా తిరుగుతుంటారని, ఏ మాట వింటే దానికి తథాస్తు అనేసి పోతారని మా నాయనమ్మ నమ్మకం. నేనేమో నర్సు చదువు పూర్తిచేసి, ఇటలీలో ఉద్యోగం కోసం నందిగామలో ఆ భాష నేర్చుకుంటున్నాను. బస్సు దిగి ఇల్లు చేరేసరికి సరిగ్గా సందెవేళే. వల్లించాల్సిన పాఠమా, మనిషికి పక్షవాతం వస్తే అంబులెన్సుకు ఫోన్లో ఏం చెప్పాలన్నది.

"దీపాలు పెట్టేవేళ ఆ రోగం పేరేంటే" అంది నాయనమ్మ.

"ఇటలీ భాషలో అంటాలే నాయనమ్మా, ఆ దేవతలకి అర్థం కాదుగా" అన్నా.

నాయనమ్మ, "సరే. ఎందుకైనా మంచిది, చివర్లో శ్రీరామరక్ష అను" అని ఒప్పుకుంది. అంతటితో ఆగక రోగి వేషం కూడా తనే వేసింది. కుర్చీలో ఒరిగి, మూతి వంకర పెట్టి, చెయ్యి వేలాడేసేది. నేను చెవి దగ్గర దువ్వెన పెట్టుకుని (అసలు ఫోన్ పట్టుకుంటే అపశకునమట), "మియా నొన్నా, ఇక్టుస్", అంటే మా నాయనమ్మకు పక్షవాతం, "వెనీతె సూబితొ", వెంటనే రండి, "శ్రీరామరక్ష" అనేదాన్ని. మాట పడిపోయిన రోగి మధ్యలో లేచి, "పొయ్యి మీద పాలున్నాయి, చూసి రావే" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ కుర్చీలో అలాగే ఒరిగింది. నేను నవ్వుతూ దువ్వెన అందుకున్నాను. "పాలు చూసిరానా" అంటే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే జారిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఆ మాట ఇంట్లో ఎన్నడైనా తెలుగులో అననిచ్చిందా ఆవిడ? నా నోట్లోంచి ఇటలీ మాటలే వచ్చాయి, శ్రీరామరక్షతో సహా. అవతలాయన ఓపిగ్గా, "అమ్మా, ఆ చివరి మాట అర్థమైందండి. మిగతాది కూడా తెలుగులో చెప్పండి" అన్నాడు.

వేళకే ఆసుపత్రికి చేర్చాం. బతికింది. మాట తిరిగొచ్చాక, కాస్త వంకరపోయిన మూతితోనే నాతో అన్న మొదటి మాట, "చూసావా, వాళ్ళకి అన్ని భాషలూ వచ్చు."

ఇటలీ ప్రయాణం ఆగిపోయింది, దానికి నేనేం బాధపడలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆవిడ పక్కనే ఉన్నాను. ఇప్పుడు ఆవిడ లేదు, బెంగ మాత్రం పోలేదు. నందిగామ ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, దీపం పెట్టి, ఆ కుర్చీ వైపు తిరిగి "మియా నొన్నా స్తా బేనె" అంటాను. మా నాయనమ్మ బాగుంది అని. ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చని నాకే నవ్వొస్తుంది. కానీ అన్ని భాషలూ వచ్చినవాళ్ళు, ఆ వేళకి ఎవరైనా అటుగా వెళ్తుంటారేమోనని.