ఓబులమ్మ అన్నలకు పిల్లలెందుకు లేరు

ఓబులమ్మ అబద్ధాలు చెప్తుందని ఆలూరు పక్క పల్లెల్లో ఎవరూ అనరు. నిజానికి కాస్త నెయ్యి పోసి వడ్డిస్తుందని అంటారు. ఆమె తన పుట్టింటి కథ ఎత్తుకుందంటే, చేలో పత్తి తీసే కూలివాళ్లు నడుములెత్తి నిలబడిపోయేవాళ్లు.

ఆ మనిషి ఒక ఎండాకాలం పెద్ద పనే నెత్తిన వేసుకుంది. కొడుకు దేవేంద్రప్పకు రెండో పెళ్లి చెయ్యాలి. కోడలు గిడ్డమ్మ కాపురానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆ తరువాతే కర్నూలుకు రాజధాని వచ్చింది, మూడేళ్లుండి హైదరాబాదుకు వెళ్లిపోయింది కూడా. గిడ్డమ్మ కడుపు మాత్రం పండలేదు.

కిందటేడు కోడలిని కర్నూలు తీసుకుపోయి ఒక డాక్టరమ్మకు చూపించింది. "ఈమెకు ఏ లోపమూ లేదు. ఈసారి నీ కొడుకును పిలుచుకురా" అంది డాక్టరమ్మ. ఓబులమ్మకు ఒళ్లు మండింది. జొన్న మూట ఒంటిచేత్తో ఎత్తే మగవాణ్ణి ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టడమా? ఆ మాట కొడుకు చెవిన వెయ్యనే లేదు.

పిల్లను వెదకడంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. అందం చూడలేదు, ఆస్తి చూడలేదు. పిల్ల తల్లికి ఎందరు, అమ్మమ్మకు ఎందరు, పినతల్లులకు ఎందరు అని, బర్రెను బేరమాడేటప్పుడు దాని తల్లి ఎన్ని ఈతలు ఈనిందో అడిగినట్టు అడిగింది. చివరికి ఆదోని దారిలో ఒక ఇల్లు కుదిరేట్టు కనిపించింది. ఆ ఇంట్లో అడుగు వెయ్యాలంటే ఏ పిల్లను తొక్కుతామో అని చూసుకోవాలి.

బయల్దేరే పొద్దున బండిలో గడ్డి పరిచి, పైన గొంగడి వేసింది గిడ్డమ్మే. మొదటి భార్య తన చేత్తో బొట్టు పెట్టి పిలిస్తేనే రెండో పిల్ల గడప దాటాలన్నది వాళ్ల ఇండ్లలో ఆనవాయితీ.

"పెడతావు గదమ్మే?" అని అడిగింది ఓబులమ్మ.

"పెడతా లే అత్తా" అంది గిడ్డమ్మ, ఎద్దుల వైపు చూస్తూ.

వాళ్లు చేరేసరికి ఆ ఇంటి పెళ్లికూతురి అవ్వ ఈరక్క వక్కాకు నములుతూ అరుగు మీద కూర్చుంది. ఓబులమ్మ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఆకు పక్కకు ఉమ్మి, "మా ఇంటి సంగతంతా అడిగితివి గదక్కా, ఇంగ నేనడుగుతా" అంది. "నీ కొడుక్కు మేనమామలుండారా?"

"లేకేం, ముగ్గురు. నా అన్నలు."

"వాళ్లకు పిల్లలెంతమంది?"

"మా పెద్దన్న లక్ష్మన్నకు లేరు. ఆయన కత వేరే. సేద్యం చేస్తాంటే నెత్తిన పిడుగు పడె. ఎద్దులు పారిపాయె గానీ ఆయన కదల్లే. ఆ నిప్పుతోనే బీడీ ముట్టించుకున్యాడు. ఆ వేడి ఒంట్లో నిలిచిపాయె, ఇంగ పిల్లలు యాడ పుడతారు?"

ఇంట్లోని పిల్లలంతా వచ్చి చుట్టూ చేరారు.

"రెండో ఆయనకు?"

"శ్రీశైలం పోతాంటే అడవిలో ఎలుగుగొడ్డు చుట్టమనుకొని వాటేసుకునె. తెల్లవారేదాకా ఇడవల్యా. నడుములో ఏదో నరం జారిపాయె."

"మూడో ఆయనకు?"

"పందెం కట్టి గంపెడు పచ్చిమిరపకాయలు తినె, మహానుభావుడు."

ఈరక్క నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తరువాత మెల్లగా అడిగింది.

"పెండ్లాలు?"

"ఒక్కొక్కరికి ఇద్దరు."

"ఆ ఆరుమందిలో ఒక్కదానికీ పుట్టల్యా?"

"పుట్టల్యా."

"పిడుగు ఒకరికి, ఎలుగుగొడ్డు ఒకరికి, మిరపకాయలు ఒకరికి. సరే. నీ కొడుక్కు ఏమాయెనక్కా?"

ఓబులమ్మ నోరు తెరిచింది. ఎన్నడూ తడుముకోని నోరు అది. కొడుకు మీదికి ఏ పిడుగును దించాలో తోచలేదు.

అంతలో పెళ్లికూతురు మజ్జిగ తెచ్చిచ్చింది. గాజులు కొత్తవి. ఎవరో చెప్పినట్టున్నారు, తల వంచుకునే ఉంది. ఓబులమ్మకు ఎందుకో పెద్దవదిన గుర్తొచ్చింది. దేవేంద్రప్పను తొట్టెలలో వేసే పండగకు ఆ వదిన చిన్న చొక్కా కుట్టి తెచ్చింది. గొడ్రాలి కన్ను పడుతుందని ఆమెను గడప బయటే నిలబెట్టింది తనే. అప్పటికి తనకు ఈ పిల్లంత వయసు.

"మాకు ఆడపిల్లలకు కొదవల్యా. చేనూ చెలకా ఉన్న ఇల్లు మీది. ఇయ్యమంటే ఇస్తాం" అంది ఈరక్క.

"వద్దు లేమ్మా" అని మజ్జిగ గ్లాసు కింద పెట్టింది ఓబులమ్మ. "దీన్ని పిల్లలు పుట్టే ఇంటికియ్యి."

ఆ వారమే కొడుకును వెంటబెట్టుకొని కర్నూలు పోయింది. దారిలో ఒక్క కథా చెప్పలేదు. డాక్టరమ్మ పరీక్షలు చేసింది, మేనమామల సంగతి విన్నది. బీజం కొడుకులోనే లేదని చెప్పింది. "కొన్ని వంశాల్లో ఇట్లా కనిపిస్తుంది. ఆడవాళ్లకు ఏమీ కాదు, వాళ్లకు పిల్లలు పుడతారు. కానీ పుట్టింటి లోపం వాళ్ల ద్వారా కొడుకులకు వస్తుంది. ఎందుకో మాకూ ఇంకా పూర్తిగా తెలియదు. ఇందులో ఎవరి తప్పూ లేదు" అంది.

తిరుగు బస్సు దిగేటప్పుడు దేవేంద్రప్ప తల్లి చెయ్యి పట్టుకొని దించాడు.

ఇంటికి రాగానే ఓబులమ్మ పొయ్యి దగ్గరికి పోయి, రొట్టెలు తట్టే కోడలి పక్కన చతికిలబడింది.

"అది నా పుట్టింటిదంట గిడ్డీ. నేనే మోసుకొచ్చి వానికిచ్చినానంట. ఇన్నేండ్లూ నిన్నంటి."

గిడ్డమ్మ చేతులు ఆగలేదు. రొట్టె తడుతూనే అడిగింది.

"ఆయన నవ్వు ఎవురిదత్తా?"

"ఆ నవ్వా? అచ్చం మా పెద్దన్నదే."

"నువ్వు తిట్టిన నాడంతా నేను ఈ ఇంట్లో నిలబడింది ఆ నవ్వు చూసుకొనే. నీ పుట్టింటి నుంచి అదొకటి తీసుకొని, ఇంగోటి వద్దంటే ఎట్ల?"

ఓబులమ్మ పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. కళ్లు తుడుచుకోను కూడా లేదు.

"రొట్టె మాడుతాండాది, చూడు" అంది.

మాడలేదు. అయినా గిడ్డమ్మ దాన్ని తిరగేసింది.