ముసుగుకొంగకు పేరు పెట్టినామె

నవంబరు పన్నెండు, బుధవారం. మైపాడులో మాకు రెండు వీధుల అవతల ఉండే మా వియ్యపురాలు, నా కోడలి తల్లి, సోమవారం ఉదయం పోయింది. ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఆమెకు దక్కవలసిన గౌరవం మూడు వారాలుగా నా బీరువాలో ఉంది.

బడి పక్క కాలువకు వచ్చే పక్షుల పేర్లతో ఒక బోర్డు పెట్టాలనుకున్నారు. సైన్సు టీచరుగా రిటైరైనదాన్ని కనుక జాబితా నాకు అప్పగించారు. గుడ్డికొంగ దగ్గర నా కలం ఆగింది. వీధిలో పిల్లలు ఆ పేరుతో ఎవరిని పిలుస్తున్నారో నాకు తెలుసు. రెండేళ్లుగా మా వియ్యపురాలికి చూపు లేదు.

ఆమె కోపం వేరే.

"నన్నంటే అననీ వదినా, నాకు నోరుండాది. అంత దూరం నించి చేపను కనిపెట్టే పిట్టను గుడ్డిదంటే ఎట్ట?"

నాలుగు రోజులు నిఘంటువులు తిరగేసి, గోధుమరంగు వీపున్న కొంగ అనే అర్థంలో 'కపిలపృష్ఠ బకం' అని తయారు చేశాను. ఎండుచేపలను బొటనవేలితో తడిమి, సరిగా ఎండనివాటిని పక్కన పెడుతూ విన్నది.

"పలికేలోపు ఎగిరిపోతాది వదినా. కూకోనుంటే బురద రంగు, లేస్తే తెల్లటి తెలుపు. ముసుగు తీసినట్టే గదా. ముసుగుకొంగ అనరాదూ?"

నేను అరవై ఏళ్లుగా ఆ కొంగను చూస్తున్నాను. నాకు తట్టలేదు.

బడిలో మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏ పేరు కావాలో అందరితో చేతులెత్తించారు. లెక్క నేనే రాశాను. ఆమె పేరుకు ముప్పై ఒకటి, నా పేరుకు రెండు. ఆ రెండింటిలో ఒకటి నాది, రెండోది ఆమెది. ఎందుకెత్తావని అడిగితే, "నాలుగు రోజులు కష్టపడినావు గదా" అంది. ఓడిపోవడం కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటికే మనవరాలు "మా అమ్మమ్మ పెట్టింది" అని బడంతా చెప్పుకుంటోంది. నేను నాన్నమ్మను.

ఇంకా సరిచూడాలని చెప్పి జాబితా ఆపాను. సరిచూడవలసింది ఏమీ లేదు. పోయిన గురువారం ఆమె అడిగింది.

"బోర్డు ఎక్కిందా వదినా?"

"పెయింటరు దొరకలేదు."

"సర్లే, పిట్ట యాడికీ పోదుగా" అని నాకు మజ్జిగ ఇచ్చింది. తాగాను.

ఇక జరగవలసినవి:

1. జాబితా ఈ రోజే బడికి చేరాలి. ముసుగుకొంగ అని పెద్ద అక్షరాలతో రాయించాలి.

2. ఆ పేరు పెట్టినది ఎవరో దాని కిందే రాయాలి. ఆలస్యం పెయింటరుది కాదని మనవరాలికి నేనే చెప్పాలి.

3. కాలువలో వల గుంజ మీద ఒక నీటికాకి రోజూ రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంది. అది కాకి కాదు. దానికి నేను పేరు పెట్టాలి. నాకంటే ముందు చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.